కుక్కలకు వచ్చు నెత్తురునాళముల రాచపుండు: కీమోథెరపి చికిత్స యిచ్చు ఫలమెంత?

మన సంఘపత్రికలో ఇంతవరకు ఎద్దులు, ఆవులు, గేదెలు, గొఱ్ఱెలు, కోళ్ళు మొదలగు వానికి వచ్చు వ్యాధులనుగూర్చియే తఱచుగ వ్రాయుచు వచ్చితిమి. కుక్కనుగూర్చి వ్రాసినది తక్కువ. కుక్క పాలీయదు; కాడి మోయదు; సంతలో ధర పలుకదు. అయినను రాత్రివేళ చేనికి కాపు కాయుటకును, కల్లములోని ధాన్యమును కనిపెట్టుటకును, అడవిపందులను తఱుముటకును, క్రొత్తవాడు గడపయొద్దకు వచ్చినపుడు ఇంటివారిని మేలుకొల్పుటకును దానిని మించిన తోడు రైతునకు లేదు. అట్టి తోడునకు ప్రాణాంతకమైన జబ్బు చేసినపుడు ఏమి చేయదగును, ఎంతవరకు చేయదగును అను ప్రశ్న మన సభ్యుల యిండ్లలోను పుట్టుచున్నది.

గడచిన కార్తికమున మన సభ్యులలో నొకరు ఎరువుల బస్తాలకై సంఘపు గిడ్డంగికి వచ్చి, పని ముగిసినను కదలక కూర్చుండిరి. కారణ మడుగగా తమ యింటి కుక్క సంగతి చెప్పిరి. అది తొమ్మిదేండ్ల లాబ్రడారు కుక్క. వారి కుమారుడు పట్టణమునుండి పిల్లగా నుండగా తెచ్చి యిచ్చినది. ఒకనాడు చేనిగట్టుమీద నడచుచునే కూలబడినది. చిగుళ్ళు సున్నమువలె తెల్లబడినవి. పురుగు ముట్టినదేమో యనుకొని ఏదో పసరు పోయించిరి. మఱునాటికి అది లేచి, గంజి త్రాగి, యథాప్రకారము తిరుగాడినది. పసరు పనిచేసినదని సంతోషించిరి. మూడు వారములకు మరల కూలబడగా పట్టణములోని పశువైద్యునియొద్దకు గొనిపోయిరి. కడుపులో నెత్తురు నిలిచియున్నదనియు, ప్లీహముమీద గడ్డ యున్నదనియు, అది రాచపుండు కావచ్చుననియు, శస్త్రచికిత్స చేసి, పిమ్మట అవసరమైనచో కీమోథెరపి మందు లీయవలసి యుండుననియు ఆయన చెప్పెనట.

"ఇంతయు చేసినచో అది బ్రదుకునా? బ్రదుకనిచో ఎందులకు చేయవలెను? నలుగురితో చెప్పిన, కుక్కకు కాన్సరు మందా యని నవ్వుదురు. మీరైన నిజము చెప్పుడు" అని వారు మమ్మడిగిరి.

అప్పటికప్పుడు ఉత్తర మీయజాలకపోతిమి. పశువైద్య మెఱిగినవారి నడిగి, గ్రంథములు చూచి తెలిసికొన్నంతవరకు ఇందు వ్రాయుచున్నాము. అట్టి కష్టము రాకముందే చదివి యుంచుకొనిన యెడల సభ్యులకు అక్కఱకు వచ్చునని మా నమ్మకము.

వ్యాధి స్వరూపము

దేహములోని రక్తనాళములకు లోపలివైపున పలుచని పొర యొకటి కలదు. అట్టి పొరగా ఏర్పడవలసిన కణములు అదుపు తప్పి పెరుగుటయే యీ వ్యాధి. వైద్యులు దీనిని హిమాంజియోసార్కోమా యందురు. మన పెద్దలు కాన్సరును రాచపుండనిరి గావున మేమును నెత్తురునాళముల రాచపుండని వ్రాయుచున్నాము. ఈ గడ్డలోని నాళములు సరియైన కట్టుబడి లేనివి. గట్టు బలహీనముగా నున్న కాలువవలె నిండి, ఎప్పుడో యొకప్పుడు తెగును. తెగినప్పుడు నెత్తురు కడుపులోనికి పాఱును. గడ్డలోని కణములు నెత్తురుతోనే కొట్టుకొనిపోయి కాలేయము, ఊపిరితిత్తులు మొదలగు చోట్ల నాటుకొనును. గడ్డ నెత్తురులోనే పుట్టి నెత్తురులోనే మునిగి యుండుటచేత ఈ వ్యాప్తి చాల త్వరగ జరుగును. ఈ వ్యాధి యింత కఠినమగుటకు కారణ మిదియే.

ఇది హెచ్చుగా ప్లీహమునందు పుట్టును. గుండెయొక్క కుడివైపు పైగదియందును, కాలేయమునందును, చర్మమునందును, చర్మముక్రిందను కూడ పుట్టుట కలదు. ఎనిమిది, పది యేండ్ల వయస్సు దాటిన పెద్ద కుక్కలయందు తఱచు. జర్మను షెపర్డు, గోల్డెన్ రిట్రీవరు, లాబ్రడారు జాతులయందు మఱింత తఱచు. నాటుకుక్కకు రాదని మాత్ర మనుకొనరాదు. అమెరికాలో 2012వ సంవత్సరమున ఆరంభమై, మూడువేలకు పైబడిన గోల్డెన్ రిట్రీవరు కుక్కలను చిన్ననాటినుండి కడవఱకు పరిశీలించుటకు పూనుకొన్న గొప్ప అధ్యయన మొకటి కలదు. అందు కాన్సరుచే చనిపోయిన కుక్కలలో హెచ్చింటిని తీసికొనిపోయిన దీ వ్యాధియే. దీనిని రానీయకుండ ఆపు టీకాగాని ఆహారనియమముగాని ఇంతవరకు స్థిరపడలేదు. ఇది ఒక కుక్కనుండి మఱియొక కుక్కకు అంటునది కాదు, మనుష్యులకును అంటదు.

చర్మముమీద పుట్టునది కొంత మెత్తనిది. వెండ్రుకలు పలుచగా, తెల్లగా నుండు కుక్కలకు పొట్టక్రింద ఎండ తగులుచోట ఎఱ్ఱని లేక నల్లని చిన్న పొక్కుగా కనబడును. చర్మమును దాటక ముందే కోసి తీసివేసినచో అంతటితో నయమగుట కలదు. లోపలి అవయవములలో పుట్టినదానికి ఆ యదృష్టము లేదు.

ఆనవాళ్ళు

ఈ వ్యాధి మోసకరమైనది. గడ్డ పెరుగుచున్నంతకాలము కుక్క తినును, తిరుగును, తోక యాడించును. నెత్తురు కారిననాడే బయటపడును. అప్పుడు కుక్క హఠాత్తుగా కూలబడును, చిగుళ్ళు తెల్లబడును, గుండె వడిగా కొట్టుకొనును, ఎగశ్వాస కలుగును, కడుపు ఉబ్బినట్లుండును. నెత్తురు కొంచెమే కారి ఆగినచో దేహము దానిని మరల లోనికి పీల్చుకొనును. కుక్క ఒకటి రెండు దినములలో లేచి తిరుగును. మన సభ్యుని యింట జరిగిన దిదియే. నయమైనది పసరువలన కాదు; నెత్తురు తాత్కాలికముగ నిలిచిపోవుటవలన. ఆ మూడు వారములు చేజాఱిపోయినవి.

ప్రతి రైతును తన కుక్క ఆరోగ్యముగా నున్నప్పుడే పైపెదవి యెత్తి చిగుళ్ళ రంగు చూచి యుంచుకొనవలెను. లేతగులాబిరంగు ఆరోగ్యలక్షణము. వ్రేలితో నొక్కి విడిచిన తెల్లబడిన చోటు రెండు సెకండ్లలోపల మరల ఎఱ్ఱబడవలెను. చిగుళ్ళు సహజముగ నల్లనివైనచో క్రిందిఱెప్ప లోపలివైపు చూడవలెను. తెల్లని చిగుళ్ళతో కూలబడిన కుక్క మరల లేచినను సరే, ఆ దినముననే పశువైద్యునికి చూపవలెను.

తెల్లని చిగుళ్ళన్నియు రాచపుండు కాదు

ఇచ్చట సభ్యులకు ముఖ్యముగా చెప్పవలసిన మాట యొకటి కలదు. మన ప్రాంతములలో కుక్క చిగుళ్ళు తెల్లబడుటకు రాచపుండుకంటె సామాన్యమైన కారణములు వేఱుగ కలవు, అవి నయమగునవి.

మొదటిది పిడుదుల జ్వరము. ఎర్లీకియా, బబీసియా యను సూక్ష్మజీవులు పిడుదుకాటువలన నెత్తురులో ప్రవేశించి, నెత్తురును క్షీణింపజేయును. ప్లీహముకూడ పెరుగును. నెత్తురుపరీక్షతో దీనిని గుర్తింపవచ్చును. తగిన మందును తగినన్ని దినములు వేసినచో, ముదరకముందు పట్టిన కుక్కలలో చాలవఱకు కోలుకొనును.

రెండవది ఎలుకలమందు. వరిచేలలో పెట్టు బ్రోమాడియోలోను ఎర నెత్తురు గడ్డకట్టు శక్తిని చెఱచును. ఎరను తిన్న కుక్కకుగాని, ఎర తిని చచ్చిన ఎలుకను తిన్న కుక్కకుగాని కొన్ని దినములకు లోపల నెత్తురు కారును. దీనికి కె విటమిను విరుగుడు. ఎర పెట్టిన సంగతి వైద్యునికి దాచక చెప్పవలెను. ఆ యొక్క మాట ప్రాణము నిలుపును. మూడవది రక్తపింజరి కాటు. దీనికి విరుగుడు సూదిమందు ఎంత శీఘ్రముగ పడిన అంత మేలు.

గడ్డ యున్నను నిరాశపడరాదు. అల్ట్రాసౌండు పరీక్షలో ప్లీహముమీద గడ్డ కనబడినంతమాత్రమున అది రాచపుండని నిశ్చయింప వీలులేదు. వట్టి నెత్తురుగడ్డయు కావచ్చును, హానిలేని పెరుగుదలయు కావచ్చును. అట్టివైనచో ప్లీహమును తీసివేయుటతో కుక్కకు పూర్తిగ నయమగును. ప్లీహము లేకయే కుక్క జీవింపగలదు. కడుపులో నెత్తురు కారుచున్నపుడు రాచపుండై యుండుట హెచ్చు సంభవమే. అయినను తీసిన గడ్డను సూక్ష్మదర్శినితో పరీక్షించిన పిమ్మటనే తుదిమాట చెప్పవలెను. ఊపిరితిత్తులకు ఎక్సురే, గుండెకు అల్ట్రాసౌండు ముందుగా తీయించిన యెడల వ్యాధి యిదివరకే ప్రాకినదో లేదో కొంత తెలియును. ప్రాకినట్లు స్పష్టముగ కనబడినచో శస్త్రచికిత్స చేయుట తగునా యని వైద్యునితో మరల ఆలోచింపవలెను.

మట్టినుండి వచ్చిన యెఱ్ఱమందు

రాచపుండని నిశ్చయమైన పిమ్మట కీమోథెరపి ప్రశ్న వచ్చును. గడ్డను కోసి తీసినను, నెత్తురుతోపాటు కొట్టుకొనిపోయి ఇతరస్థలములలో నాటుకొన్న కణములు మిగిలియుండును. కలుపుమొక్కను పెఱికినను విత్తనము చేనంత రాలియున్నట్లు. ఆ కణముల పెరుగుదలను అణచుటకై నెత్తురులోనికే మం దెక్కింతురు. ఇందులకు ప్రధానముగ వాడు మందు పేరు డాక్సోరూబిసిను.

దీని పుట్టుక రైతులకు వినోదము కలిగించును. 1950ల దశకమున ఇటలీదేశమునందలి అపూలియా ప్రాంతములో కాస్టెల్ డెల్ మోంటే యను పురాతన దుర్గమునకు సమీపమున తీసిన మట్టిలో ఒక సూక్ష్మజీవి దొరికినది. అది ఎఱ్ఱని పదార్థమును విడుచును. దానినుండి మొదట డానోరూబిసిను అను మందును, ఆ సూక్ష్మజీవినే మార్పుచెందించి పిమ్మట డాక్సోరూబిసినును తీసిరి. ఈ రెండవ మందు సంగతి 1969లో లోకమునకు తెలిసినది. ఆ తీరముననున్న ఏడ్రియాటిక్ సముద్రము పేరిట దీనికి ఏడ్రియామైసిను అనియు పేరు కలదు. మనుష్యుల కాన్సరులకును ఈ మందు విరివిగా వాడబడుచున్నది.

కుక్కకు దీనిని నరములోనికి మెల్లగా ఎక్కింతురు. మోతాదును దేహపు ఉపరితల వైశాల్యమునుబట్టి లెక్కింతురు. పెద్దకుక్కకు చదరపు మీటరునకు 30 మిల్లీగ్రాములు. ముప్పది కిలోల కుక్కకు ఉపరితలము సుమారు ఒక చదరపు మీటరు గనుక సుమారు 30 మిల్లీగ్రాములు పట్టును. చిన్నకుక్కకు లెక్క వేఱు. రెండు లేక మూడు వారముల కొకసారి చొప్పున నాలుగు మొదలు ఆరుసార్లు, తఱచుగ అయిదుసార్లు ఇత్తురు. ఈ మందు మొత్తము పరిమితి దాటిన గుండెకండరమును చెఱచును. చదరపు మీటరునకు 180 మిల్లీగ్రాములు చేరువేళకే వైద్యులు మిక్కిలి జాగ్రత్తపడుదురు. అయిదుసార్లకు 150 అగును. ఇంతకుమించి ఇష్టమువచ్చినట్లు పొడిగింప వీలుకాకుండుటకు కారణ మిదియే. గుండెజబ్బు గల కుక్కకు ఈ మందు తగదు.

ఇది నరము తప్పి ప్రక్కకు కారినచో ఆ చోటి కండ చర్మము కుళ్ళి ఊడిపోవును. కావున అభ్యాసము గల పశువైద్యుడే, తగిన సాధనములతోనే ఎక్కింపవలెను. ఊరిలో సూదులు వేయువారిచేత, ఖర్చు తగ్గునని, దీనిని వేయింపరాదు. కోలీ మొదలగు కొన్ని గొఱ్ఱెకాపరి జాతులకు పుట్టుకతోనే ఇట్టి మందులను తట్టుకొనలేని గుణము కలదు. జాతిని వైద్యునికి తెలుపవలెను.

మందు వేళ కుక్క యెట్లుండును?

మనుష్యులకు ఈ చికిత్స చేయునపుడు జుట్టు రాలుట, వాంతులు, మంచము పట్టుట చూచినవారు కుక్కకును అట్లే యగునని భయపడుదురు. కుక్కకు అంత బాధ సాధారణముగ నుండదు. మనుష్యులలో నయముచేయుట లక్ష్యముగ ఎంత బాధకైన ఓర్చి పెద్దమోతాదు లిత్తురు. కుక్కకు మిగిలిన దినములు సుఖముగ గడపుట లక్ష్యము గనుక మోతాదు తగ్గించి యిత్తురు. చాలకుక్కలకు జుట్టు రాలదు, మీసములు రాలవచ్చును. పూడిలువంటి ఎడతెగక వెండ్రుక పెరుగు జాతులకు మాత్రము పలుచబడును.

మం దెక్కించిన రెండు మొదలు అయిదు దినములలో ఆకలి తగ్గుట, వాంతి, విరేచనము కలుగవచ్చును. వీనికి వైద్యుడు ముందుగానే మాత్ర లిచ్చును. ఏడు మొదలు పది దినములలో నెత్తురులోని తెల్లకణములు తగ్గును. ఆ దినములలో ఇతరరోగములు సులభముగ పట్టును. కుక్క మందగించినను, ఒంటివేడి 103 డిగ్రీలు దాటినను ఆలస్యము చేయక తీసికొనిపోవలెను. మనము వాడు జ్వరపుమాత్రలను, నొప్పిమాత్రలను కుక్కకు వేయరాదు. పారసెటమాలు, ఐబూప్రొఫెను కుక్కకు విషప్రాయములు. ప్రతి సూదికి ముందు నెత్తురుపరీక్ష జరుగవలెను.

ఇంటివారికిని కొన్ని నియమములు కలవు. మం దెక్కించిన రెండు మూడు దినములు కుక్క మూత్రములోను మలములోను మందు వెలువడును. మూత్రము ఎఱ్ఱగా కనబడుటయు కలదు. ఆ దినములలో చేతితొడుగులు లేక వానిని ముట్టరాదు. మూత్రము పడినచోట నీరు విస్తారముగ పోయవలెను. గర్భిణీస్త్రీలు, బాలెంతలు, పసిపిల్లలు దూరముగ నుండవలెను. బావికి సమీపమున కుక్కను కట్టరాదు.

ఈ చికిత్స కొనియిచ్చు కాలము

ఇక సభ్యుడడిగిన ముఖ్యప్రశ్నకు వచ్చుచున్నాము. ప్లీహములో పుట్టిన యీ రాచపుండునకు శస్త్రచికిత్స మాత్రమే చేసినచో, కుక్కలు సామాన్యముగ ఒకటి మొదలు మూడు మాసములు జీవించును. శస్త్రచికిత్సతోపాటు డాక్సోరూబిసిను ఇచ్చినచో నాలుగు మొదలు ఆరు మాసములు జీవించును. సంవత్సరము దాటునవి సుమారు పదింట నొకటి. గడ్డ పగులకముందే కనిపెట్టి తీసినవానికి కొంత హెచ్చు కాలము దొరకును. ఇతర అవయవములకు ప్రాకిన పిమ్మట తక్కువ.

ఈ మాసముల లెక్క ప్రతి కుక్కకును హామీ కాదు. పది కుక్కలకు ఒకే చికిత్స చేసితిమనుకొనుడు. కొన్ని రెండు మాసములకే పోవును. సగము అయిదవ మాసపు ప్రాంతమునకు పోవును. ఏదో యొకటి సంవత్సరము చూచును. మన కుక్క వరుసలో ఎక్కడ నిలుచునో ఎవరును ముందుగ చెప్పజాలరు. వాన తారీఖు చెప్పలేకపోయినను కార్తెనుబట్టి విత్తనము వేసినట్లే, ఈ లెక్కనుబట్టి ఆలోచింపవలసియున్నది.

కావున సత్యమేమనగా, ఈ మందు ఈ వ్యాధిని నయము చేయునది కాదు. ఇది కాలమును కొని యిచ్చునది. ఆ కాలములో కుక్క హెచ్చుదినములు తినుచు, తిరుగుచు, యజమానుని వెంట చేనికి పోవుచు నుండును. ఆ కాలము తుదిని వ్యాధి మరల వచ్చును. నయమగునని ఎవరైన మాట యిచ్చినచో నమ్మరాదు. వ్యర్థమని త్రోసివేసినను నిజము కాదు.

బిళ్ళగన్నేరు, ఇతరమందులు

డాక్సోరూబిసినుతోపాటు విన్‌క్రిస్టీను, సైక్లోఫాస్ఫమైడు అను మందులను చేర్చి యిచ్చుటయు కలదు. మూటిని కలిపినందున అధికఫల మంతగా స్థిరపడలేదు; బాధ మాత్రము కొంత హెచ్చు. సైక్లోఫాస్ఫమైడును తక్కువమోతాదులో దినదినము మాత్రగా ఇచ్చు పద్ధతియు నున్నది. పట్టణమునకు మాటిమాటికి పోలేనివారు దీనినిగూర్చి వైద్యు నడుగవచ్చును. దీనివలన మూత్రాశయము పుండుపడి మూత్రములో నెత్తురు పడవచ్చును గనుక నీరు బాగుగ త్రాగింపవలెను.

విన్‌క్రిస్టీను మన పెరటిలో పూయు బిళ్ళగన్నేరునుండి వచ్చునది. అట్లని ఆ యాకు దంచి రసము పోయరాదు. టన్నులకొలది యాకునుండి గ్రాములకొలది మందు మాత్రమే వచ్చును. అందులకు పెద్ద కర్మాగారము కావలెను. ఆకులో మందుతోపాటు ఇతరవిషములును కలవు. పసరువలన కుక్క చచ్చునే కాని రాచపుండు పోదు.

ఇదే విన్‌క్రిస్టీను మన వీధికుక్కలకు వచ్చు మఱియొక కాన్సరును చాలవఱకు నయము చేయును. కుక్కలు జతకూడినపుడు ఒకదానినుండి వేఱొకదానికి అంటుకొని, జననాంగములమీద పూవుకూరవలె పెరిగి నెత్తురు కార్చు కంతి యది. వారమున కొకసారి చొప్పున నాలుగైదు సూదులతో పదింట తొమ్మిది కుక్కలకు పూర్తిగ మానిపోవును. ఒకే మందు ఒక జబ్బును తుడిచివేయును. వేఱొకదానికి ఇంచుక అడ్డుపడును. కావున కాన్సరు అను పేరు వినినంతనే ఆశ గాని నిరాశ గాని పెట్టుకొనక, ఏ కాన్సరు అని యడుగవలెను.

కొలదిమాసములకొఱకు ఇంతయు నేలయని తలచువారికి మన తెలుగువారి చరిత్రనుండి యొక విషయము మనవిచేయుదుము. భీమవరమున 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లే పరిశోధనశాలలో పనిచేయు కాలమున, వారి బృందము అమినాప్టెరిను అను మందును సిద్ధపఱచినది. దానిని సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు 1947 చివర మొదలుకొని బోస్టను నగరమున నెత్తురుకాన్సరు గల పసిబిడ్డల కిచ్చెను. కొందఱు బిడ్డలకు వ్యాధి వెనుదీసెను. కాని కొలదిమాసములకే మరల వచ్చెను. సుబ్బారావుగారు 1948 ఆగస్టులో స్వర్గస్థులైరి. ఆనాడు దొరికిన ఆ కొలదిమాసములే మార్గము చూపినవి. తరువాతి దశాబ్దములలో మందులను కూర్చి వాడుటచే నేడు ఆ వ్యాధి గల బిడ్డలలో హెచ్చుమంది నయమగుచున్నారు. ఆ మందు మనము చెప్పుకొనుచున్న కుక్కల వ్యాధికి వాడునది కాదు. కాలము కొనుట చిన్నవిషయము కాదని చెప్పుటకే దీని నుదాహరించితిమి. మనుష్యులకును నెత్తురునాళముల రాచపుండు అరుదుగా వచ్చును గనుక, కుక్కలలో దీనిని పరిశీలించుచున్న వైద్యులు ఇరువురికిని మేలు కలుగునని ఆశించుచున్నారు.

ఖర్చు, నిర్ణయము

సహకారసంఘపు పత్రిక గనుక డబ్బు సంగతి మఱుగుపఱచి వ్రాయుట మాకు తగదు. శస్త్రచికిత్స, అవసరమైనచో వేఱొక కుక్కనుండి తీసిన నెత్తు రెక్కించుట, గడ్డ పరీక్ష, అయిదు సూదులు, ప్రతి సూదికి ముందు నెత్తురుపరీక్ష, రాకపోకలు: ఇవన్నియు చేరి ఖర్చగును. మొదటనే మొత్తము అంచనాను వైద్యునిచేత కాగితముమీద వ్రాయించుకొనవలెను. తిరుపతి, గన్నవరము, రాజేంద్రనగరములలోని పశువైద్యకళాశాలలకు చేరిన ఆసుపత్రులు కలవు. ప్రైవేటు వైద్యుడు చెప్పిన అంచనాతోపాటు అచ్చటను విచారించి చూచుట మేలు.

చేతిలో నున్న సొమ్ముతో చేయగలవారు చేయుడు. పంటకై తీసికొన్న ఋణమును దీనికి వాడరాదు. అధికవడ్డీకి అప్పు చేయరాదు. ఆరుమాసములలో కుక్కయు పోయి, అప్పు మిగిలిన యింట దుఃఖము రెండింతలగును. ఖర్చు భరింపలేక చికిత్స మానినవారు నిర్దయులని ఎవరును అనరాదు. చేయించినవారిని చూచి నవ్వనురాదు.

వైద్యుని అడుగవలసినవి నాలుగు ప్రశ్నలు. ఇది రాచపుండని పరీక్షతో నిశ్చయమైనదా? వేఱొకచోటికి ప్రాకినదా? చికిత్స చేసిన ఎంతకాలము, చేయకున్న ఎంతకాలము? ఆ కాలములో కుక్క ఎట్లుండును? వీనికి ఉత్తరములు వచ్చిన పిమ్మట నిర్ణయము ఇంటివారిది.

చికిత్స వద్దనుకొన్నను కుక్కను విడిచిపెట్టుట కాదు. నొప్పి తగ్గుటకు వైద్యు డిచ్చు మందు, మెత్తని పడక, నోటికింపైన తిండి, నీడ ఇయ్యవలెను. పెద్ద నెత్తురుపోటు వచ్చి, ఊపిరి యాడక బాధపడు సమయమున వైద్యునిచేత నొప్పిలేని సుఖమరణము కలిగించుట పాపము కాదు, దయ. ఆ గడియ అర్ధరాత్రి వచ్చినచో ఎవరిని పిలువవలెనో ముందుగనే నిశ్చయించి యుంచుకొనుడు.

మా గిడ్డంగిలో కూర్చుండిన సభ్యునికి ఈ సంగతులన్నియు చెప్పితిమి. వారు కొంతసేపు మౌనముగ నుండి, "అయితే సంక్రాంతికి ఉండునేమో" అనిరి. శస్త్రచికిత్స చేయించిరి. పరీక్షలో రాచపుండనియే తేలినది. మినుములమ్మిన సొమ్ములోనుండి సూదులు వేయించుచున్నారు. మూడు పడినవి. ఇది వ్రాయునాటికి కుక్క ప్రొద్దుననే వారి వెంట చేనికి పోయి, మోటారు గదియొద్ద పడుకొనుచున్నది. పొరుగూరి సభ్యు రాలొకామె యింటి కుక్కకును ఈ వ్యాధియే వచ్చినది. గుండెయొద్ద గడ్డయని తెలిసి ఆమె చికిత్స మాన్పించి, పదునొకండు దినములు చేతితో అన్నము పెట్టి, పిదప వైద్యుని పిలిపించినది. ఇరువురును నిజము తెలిసికొనియే నిర్ణయించుకొనిరి. ఇరువురును సరిగానే చేసిరని మా యభిప్రాయము.

ఈ సంచికను ప్రక్కన పెట్టుటకు ముందు సభ్యులు తమ కుక్క పెదవి యెత్తి చిగుళ్ళ రంగు ఒకమాఱు చూతురుగాక.